తప్పు చెప్పినవాణ్ణి తిట్టవద్దు
(పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగం)



ఇన్‌స్పెక్టరు వస్తే లెక్కలే అడుగుతాడని మీకు తెలుసు. ఈ రోజు మాత్రం లెక్కల పుస్తకంలో కనిపించని నష్టం గురించి మనవి చేస్తాను.

కొన్నేళ్ల క్రితం ఒక సంఘం పాలు పులిసిపోయాయని శీతలీకరణ కేంద్రం వారు వారంలో మూడుసార్లు తిప్పి పంపారు. నేను వెళ్లి, పదిమంది ఎదుట టెస్టరు కుర్రవాణ్ణి గట్టిగా మందలించాను. అతడు తల వంచుకొని నిలబడ్డాడు. మర్నాడు క్యాన్లు కడిగే ఆమె చాటుగా వచ్చి, "అయ్యా, మూతల రబ్బరు రింగులు పగిలిపోయాయి. పగుళ్లలో పాలు ఇరుక్కొని, ఎంత తోమినా వాసన పోవడం లేదు" అన్నది. ఈ సంగతి టెస్టరుకూ తెలుసు. కొత్తవి అడిగితే ఖర్చు పెంచుతున్నావని కసురుతారని నోరు మెదపలేదు. నా మందలింపు వల్ల ఒక్క రింగు కూడా మారలేదు. ఆమె మాట వల్ల అన్నీ మారాయి. కాని అప్పటికే పోయిన డబ్బు సభ్యులదే.

బడిలో ప్రశ్న అడిగి దెబ్బ తిన్న పిల్లవాడు మళ్లీ అడగడు. సంఘంలోనూ అంతే.

మాట విన్న చోట ఏమి జరుగుతుందో ఆనంద్ చూడండి. కైరా జిల్లా పాల సంఘం 1946లో రిజిస్టరయింది. చలికాలంలో పాలు మిగిలిపోయేవి. గేదెపాలతో పొడి చేయడం సాధ్యం కాదని విదేశీ నిపుణులు అన్నారు. సాధ్యమేనన్నారు హెచ్.ఎం. దలాయా. అధ్యక్షులు త్రిభువన్‌దాస్ పటేల్, మేనేజరు వర్గీస్ కురియన్ ఆయన మాట కొట్టివేయలేదు. 1955లో ప్రారంభమైన ఆనంద్ కర్మాగారంలో గేదెపాల పొడి తయారయింది. గేదెలున్న మనకందరికీ అది మేలు చేసింది.

కనుక పాలకవర్గాలకు నా సూచనలు మూడు. నెలనెలా జరిగే సమావేశంలో మొదటి పది నిమిషాలు టెస్టరుకూ, క్యాన్లు కడిగేవారికీ, పాలు పోసే మహిళలకూ కేటాయించండి. తప్పు బయటపడితే "ఎవరు చేశారు?" అనకముందే "ఎట్లా జరిగింది?" అని అడగండి. మంచి సలహా ఇచ్చినవారి పేరు మినిట్సు పుస్తకంలో రాయండి.

పాలలో నీళ్లు కలిపినవాణ్ణి వదిలిపెట్టమని నేననడం లేదు. మోసం వేరు, పొరపాటు వేరు. మోసానికి చర్య ఉండాలి, పొరపాటు చెప్పినవాడికి అండ ఉండాలి.

పుల్లబడిన పాలను పారబోస్తాం. మింగేసిన మాట మాత్రం లోపలే ఉండి సంఘాన్ని పులియబెడుతుంది. ఈ సంగతి మరువవద్దు.