వెబ్‌సైట్ మారింది, మన పిన్ షాపువాడి నోట్‌బుక్‌లోకి పోయింది

ఈ వారం వెబ్‌సైట్ల గురించి మాట్లాడుకుందాం. మనకి సైట్ అంటే హెల్మెట్ పెట్టుకుని పోయేది. ఇది ఫోన్‌లో ఉండే సైట్.

ఇంటికి డబ్బులు పంపే కంపెనీ ఒకటి, పేరు వద్దులెండి, ఈమధ్య తన వెబ్‌సైట్ మొత్తం మార్చేసింది. చూడ్డానికి బాగానే ఉంది. కానీ మా గ్యాంగ్‌లో స్టీల్ ఫిక్సర్ ఒకాయన ఉన్నాడు. యాభై దాటాయి, ఇంగ్లిష్ చదవడం రాదు. ఇన్నేళ్లూ ఆయన ఆ వెబ్‌సైట్‌ని చదివి వాడలేదు, గుర్తుపెట్టుకుని వాడాడు. పైనుంచి మూడోది, పచ్చ బటన్. తర్వాత కింద కుడిపక్కన. అంతే, ఎవర్నీ అడగకుండా నెలనెలా పంపేవాడు. కొత్తదాంట్లో ఆ పచ్చ బటన్ లేదు. మూడు అడ్డగీతల బొమ్మ ఉంది, అది నొక్కితే తప్ప ఏదీ కనపడదు. మూడు గీతలంటే మెనూ అని ఆయనకి ఎవరు చెప్పారు?

ఇంకేం చేస్తాడు, క్యాంప్ గేటు దగ్గర మొబైల్ షాపుకి పోయాడు. పది దిర్హాములతో పాటు ఫోను, పిన్, వచ్చిన ఓటీపీ అన్నీ ఇచ్చాడు. డబ్బు ఊరికి చేరింది. కానీ వచ్చే నెలకి పనికొస్తుందని షాపతను ఆ పిన్‌ని నోట్‌బుక్‌లో రాసుకున్నాడట. అందులో మన క్యాంప్ వాళ్ల పేర్లు ఇంకా చాలా ఉన్నాయట. నాకు కోపం వచ్చింది అక్కడే. సొంతంగా పని చేసుకునే మనిషిని ఇంకొకడి మీద ఆధారపడేలా చేశారు.

మా పనిలో పాత మెట్లు మూసేముందు కొత్త దారి తెరుస్తాం. బోర్డు పెడతాం. పొద్దున టూల్‌బాక్స్ టాక్‌లో హిందీలో, తెలుగులో చెప్తాం. రాత్రికి రాత్రి మెట్లు తీసేస్తే సేఫ్టీ ఆఫీసర్ పని ఆపేస్తాడు. వెబ్‌సైట్లకీ రూల్స్ ఉన్నాయి. డబ్ల్యూ త్రీ సీ అనే అంతర్జాతీయ సంస్థ 1999లోనే మొదటి రూల్స్ ఇచ్చింది. మామూలు సైజు అక్షరానికీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5కి 1 ఉండాలి, అక్షరాన్ని రెండింతలు చేసినా ఏదీ మాయం కాకూడదు. ఎండలో నిలబడి తెల్లటి దాని మీద లేత బూడిద అక్షరాలు చదవాలంటే ఎవరి తరం? నొక్కే చోటు మరీ చిన్నగా ఉండకూడదని 2023లో వచ్చిన కొత్త రూల్స్‌లో చేర్చారు. సిమెంటులో మొద్దుబారిన మన వేళ్ల కోసమే రాశారేమో అనిపించింది.

ఇక కొందరికి అసలు తెల్ల తెరే వస్తుంది. అది బ్రౌజర్ సంగతి. క్రోమ్ 2023 చివర్లో ఆండ్రాయిడ్ 7ని, 2025లో ఆండ్రాయిడ్ 8, 9ని వదిలేసింది. ఆ ఫోన్లలో క్రోమ్ ఉంటుంది గానీ కొత్త వెర్షన్ రాదు. కొత్తగా కట్టిన వెబ్‌సైట్ పాత బ్రౌజర్‌కి అర్థం కాకపోతే తెరుచుకోదు. మన తప్పేం లేదు, ఫోన్ పాడైపోనూ లేదు. షాపువాడు కొత్త ఫోన్ కొనమంటాడు, ఆగండి. సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్'లో ఆండ్రాయిడ్ నంబర్ చూడండి. 8, 9 అయితే ముందు ఫైర్‌ఫాక్స్ వేసి చూడండి. దాని ఇంజిన్ వేరు, అది ఈ ఫోన్లని ఇంకా వదల్లేదు. ఐఫోన్‌లో మాత్రం ఇక్కడ ఏ బ్రౌజర్ వేసినా లోపల ఉండేది సఫారీ ఇంజినే, ఐఓఎస్ అప్‌డేట్ చేసుకోవడమే దారి.

అక్షరాలు చిన్నగా ఉంటే క్రోమ్‌లో మూడు చుక్కలు, సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ. అక్కడ పెద్దవి చేసుకోవచ్చు. అవే మూడు చుక్కల్లో ట్రాన్స్‌లేట్ నొక్కి తెలుగు పెట్టుకోండి. ఆ తెలుగు వంకరగానే ఉంటుంది, ఏ బటన్ దేనికో తెలియడానికి సరిపోతుంది.

ఇంకొకటి. వెబ్‌సైట్ మొహం మారినప్పుడు దొంగ వెబ్‌సైట్లకి పండగ, అసలుది ఎలా ఉంటుందో ఎవరికీ ఇంకా అలవాటు కాలేదు కాబట్టి. వాట్సాప్‌లో 'కొత్త వెబ్‌సైట్ లింక్' అని వస్తే నొక్కొద్దు. అడ్రస్ మీరే టైప్ చేయండి.

షాపులో పిన్ చెప్పినవాళ్లు ఈ రాత్రే మార్చేయండి. ఎక్కడ మార్చాలో దొరక్కపోతే ఆ కంపెనీ కౌంటర్‌కి పోయి అడగండి, మీ ఫోన్ మీ చేతిలోనే పెట్టుకుని.