పాత పడవ కొన్నాను

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక విజయపురి సౌత్‌లో పాత నాటుపడవ కొన్నాను. కొత్తగా పూసిన తారు చూసి మురిసిపోయాను, అదే నా పొరపాటు.

ట్రాక్టరు ట్రక్కులో వరిగడ్డి పరిచి, పడవను బోర్లించి, ముందూ వెనుకా తాళ్లు కట్టి, బయటికి పొడుచుకొచ్చిన కొసకు ఎర్రగుడ్డ తగిలించాం. మాచర్ల చేరేసరికే తాళ్లు వదులయ్యాయి. దారిలో ఆగి ముడులు చూసుకోవాలండీ.

పొందుగల చేరాక తారు గీకి చాకుమొనతో గుచ్చితే అడుగుచెక్కలో అంగుళం దిగింది. లోపలంతా కుళ్లే! మర్నాడే మనవణ్ణి ఎక్కిద్దామనుకున్నవాణ్ణి, ఒళ్లు జలదరించింది.

వడ్రంగి ఆ చెక్క మార్చి, సందుల్లో దూది కూరి, గుగ్గిలం నూనెలో కాచి పూశాడు. రెండురోజులు రేవులో నీళ్లతో నింపి ఉంచితే చెక్క ఉబ్బి సందులు మూసుకున్నాయి. మోకాలిలోతు నీళ్లలో ముందు నేనొక్కణ్ణే ఎక్కాను. మనవడు అలిగాడు. లైఫ్ జాకెట్ కొనేదాకా వాణ్ణి ఎక్కించను.