ఒకే సినిమా – పలు అభిప్రాయాలు
(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను సినిమా గురించి మాట్లాడమన్నారు. డి.ఏ. బకాయిల మీదైతే గంటసేపు మాట్లాడగలను. సినిమా గురించి చూసింది, విన్నది మాత్రమే మనవి చేస్తాను.

మాయలు మంత్రాల సినిమాలు మన సీమకు కొత్త కాదు. 1951లో ‘పాతాళ భైరవి’, 1957లో ‘మాయాబజార్’ తీసిన దర్శకులు కె.వి.రెడ్డి గారిది తాడిపత్రి. నిర్మాతల్లో ఒకరైన బి.నాగిరెడ్డి గారిది కడప జిల్లా. ఘటోత్కచుని నోట్లోకి లడ్లు ఎగిరిపోతుంటే డేరా టాకీసులో నేలమీద కూర్చొని నోరు తెరుచుకొని చూసిన తరం మనది.

‘బాహుబలి’ షూటింగు 2013 జూలై 6న మన ఓర్వకల్లు రాళ్ళ దగ్గరే మొదలైంది. నంద్యాల పోతూ బస్సు కిటికీలోంచి ఎన్నోసార్లు చూసిన రాళ్ళు! అందుకే 2015 జూలై 10న మొదటి భాగం విడుదలైన వారంలోనే మిత్రులం నలుగురం కర్నూలులో చూసినాము.

బయటికొచ్చినాక నలుగురివి నాలుగు మాటలు. ఆ జలపాతం, మాహిష్మతి నగరం చూసినందుకు జన్మ ధన్యమైందన్నాడు ఒకాయన. పూర్తి టికెట్టు తీసుకొని సగం కథ చెప్పినారని ఇంకొకాయన కోపం. నిజమే, కట్టప్ప ఎందుకు పొడిచినాడో తెలిసేదానికి 2017 ఏప్రిల్ 28 దాకా ఆగవలసి వచ్చింది. మూడో ఆయన కాలకేయులను చూసి నొచ్చుకున్నాడు. “ఎండకు నల్లబడిన మనబోటి వాళ్ళేనా రాక్షసులు?” అన్నాడు. నేను మాత్రం యుద్ధం బ్రహ్మాండమన్నాను.

తర్వాత కడపలో మా అమ్మాయి ఇంటికి పోయినప్పుడు పిల్లలతో రెండోసారి చూసినాను. డిగ్రీ చదువుతున్న మనవరాలు ఇంటికి రాగానే అడిగింది: “తాతా, అవంతిక కత్తి పట్టుకొని తన పని మీద పోతాంటే, ఆమె వద్దని పెనుగులాడినా జడ విప్పి, బట్టలు మార్చి, కాటుక పెట్టడమేంది? అది ప్రేమ ఎట్లయితాది?”

“తమాషాకు తీసినార్లేమ్మా” అన్నాను. ఆ పిల్ల మళ్ళీ మాట్లాడలేదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ మాట నేను అంతకుముందు కూడా ఒకసారి అన్నాను. 1980ల్లో మా ఆఫీసుకు కొత్తగా వచ్చిన టైపిస్టు జడను ఒకాయన పట్టుకొని లాగినాడు. అందరూ నవ్వినారు. ఆమె కళ్ళనీళ్ళతో సీనియరునైన నా బల్ల దగ్గరకు వస్తే, “తమాషాకు చేసినాడులేమ్మా” అని ఫైలులో తల పెట్టుకున్నాను. ఆరు నెలల్లో ఆమె బదిలీ చేయించుకొని వెళ్ళిపోయింది.

తెల్లవారి మనవరాలితో “నీ మాటే న్యాయం తల్లీ” అని ఒప్పుకున్నాను. ఆ టైపిస్టుకు చెప్పవలసిన మాట మాత్రం బాకీ ఉండిపోయింది.

2015వ సంవత్సరానికి జాతీయ ఉత్తమ చలనచిత్రం బహుమతి ‘బాహుబలి’కి వచ్చింది. తెలుగు సినిమాకు ఆ బహుమతి రావడం అదే మొదలు. సంతోషమే. కానీ బహుమతి వచ్చిందని మా మనవరాలి ప్రశ్న కొట్టివేయడానికి లేదు.

ఆఫీసులో అభ్యంతరం వస్తే ఫైలులో రాసుకొనేవాళ్ళం. ఇంట్లో పిల్లలు అభ్యంతరం చెబితే, నోరు మూయించకుండా కనీసం వినవలెనని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.