ఇంజన్‌కు చల్లగాలి

అమెరికాలో ఫోర్డ్ మస్టాంగ్ జీటీ లాంటి స్పోర్ట్స్ కారున్న చాలామంది ఇంటి గ్యారేజీలోనే సొంతంగా బిగించుకునేది ఇంజన్‌కు చల్లగాలి అందించే కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్. గాలి 10 డిగ్రీల సెల్సియస్ మేర చల్లబడితే సుమారు 3 శాతం చిక్కబడుతుంది, ఆ మేరకు ఇంజన్‌కు ఆక్సిజన్ ఎక్కువ అందుతుంది.

పని కష్టమైందేమీ కాదు. ఇంజన్ బాగా చల్లారాక బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, పాత ఫిల్టర్ డబ్బా, గొట్టం తీసేయండి. అసలు జాగ్రత్తంతా లోపలికి వెళ్లే గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ దగ్గరే. దాన్ని కొత్త గొట్టానికి మార్చేటప్పుడు లోపలి సన్నటి తీగకు వేలు తగలనివ్వకండి. సెన్సర్ మీద బాణం గుర్తుంటే అది గాలి వెళ్లే వైపే ఉండాలి. నూనె పట్టించే ఫిల్టరైతే నూనె ఎక్కువ పోయకండి. అది తీగకు అంటితే కొలత తప్పుతుంది. గొట్టాన్ని బిగించే క్లాంపు వదులుగా ఉన్నా అంతే, కొలతకు అందని గాలి దూరి చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది.

శక్తి పెరిగేది కొద్దిగానే. ఇంజన్ శబ్దం మాత్రం గంభీరంగా మారుతుంది, చాలామందికి ఆనందం అదే! కొన్ని కిట్లకు కంప్యూటర్ ట్యూనింగ్ తప్పనిసరి. ఫిల్టర్ బాగా కిందికి ఉండే రకమైతే నిలిచిన వాననీటిలోకి బండి దింపకండి. ఇంజన్ నీరు పీలిస్తే కనెక్టింగ్ రాడ్లు వంగిపోవచ్చు.

కాలిఫోర్నియాలోని మన తెలుగువాళ్లు కొనేముందే కిట్‌కు అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఆమోదంగా ఇచ్చిన ఈవో (ఎగ్జిక్యూటివ్ ఆర్డర్) నంబరు ఉందేమో చూసుకోండి. లేకపోతే స్మాగ్ తనిఖీలో బండి తప్పుతుంది.