కోకా సుబ్బారావు గారి అసమ్మతి తీర్పులు

(అమలాపురం న్యాయవాదుల సభలో చేసిన స్మారకోపన్యాసం)



జస్టిస్ కోకా సుబ్బారావు గారు 1902 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. మన గోదావరి మనిషి. 1948లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడినప్పుడు దాని తొలి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లారు, 1966 జూన్ 30న భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన పేరెత్తగానే గోలక్‌నాథ్ కేసు గుర్తుచేసుకోవడం మనకు అలవాటు. దాని సంగతి తరువాత చెబుతాను. ముందు ఆయన మాట నెగ్గని రెండు కేసుల గురించి చెప్పాలి.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన మీద 1941లో దోపిడీ కేసు పెట్టారు. సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేశారు గానీ పోలీసులు ఆయన పేరిట హిస్టరీ షీటు తెరిచారు. రాత్రిళ్లు ఊరి చౌకీదారు, ఒక్కోసారి కానిస్టేబుళ్లు వచ్చి తలుపు బాది కేకలేసి నిద్ర లేపేవారు. పొరుగూరు వెళ్లాలన్నా ఎక్కడికి, ఎప్పుడొస్తావు అని చెప్పి వెళ్లాలి. 1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తుల్లో నలుగురు రాత్రిపూట ఇంటికి రావడాన్ని మాత్రం కొట్టేసి, మిగతా నిఘా చెల్లుతుందన్నారు. సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. జస్టిస్ జె.సి.షా ఆయనతో కలిశారు. వెంట నీడలా పోలీసు తిరుగుతుంటే మనిషికి కాళ్లు ఆడతాయేమో గానీ స్వేచ్ఛ ఉండదని, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయలేని భాగమని ఆయన వాదన. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ దారికే వచ్చారు. మధ్యలో 54 ఏళ్లు! "కేసు కొట్టేశారు గదండీ, ఇంకా ఆదివారం స్టేషన్‌కి రమ్మంటున్నారేంటండీ?" అని మన దగ్గరికొచ్చే క్లయింటు అడిగేది సరిగ్గా ఖరక్ సింగ్ అడిగిన ప్రశ్నే.

రెండోది దేవదాసన్ కేసు, 1963. నాకు ఇది ఇంకా ముఖ్యం. ఒక ఏడాది భర్తీకాని ఎస్సీ, ఎస్టీ ఖాళీలను తరువాతి ఏడాదికి కలిపే కేంద్ర ప్రభుత్వ నిబంధన వల్ల 45 పోస్టుల్లో 29 రిజర్వుడు అభ్యర్థులకు వెళ్లాయి. నలుగురు న్యాయమూర్తులు ఆ నిబంధన చెల్లదన్నారు. సుబ్బారావు గారు ఒక్కరే చెల్లుతుందన్నారు. మేలుజాతి పందెపు గుర్రాన్ని, మామూలు గుర్రాన్ని ఒకే గీత మీద నిలబెట్టి పరుగెత్తించి, రెండింటికీ సమాన అవకాశం ఇచ్చామంటే సరిపోతుందా అని అడిగారు. రిజర్వేషన్లకు వీలిచ్చే అధికరణం 16(4) సమానత్వానికి మినహాయింపు కాదని ఆయన చెప్పిన మాటను 1975లో ఎన్.ఎం.థామస్ కేసులోనూ, 1992లో ఇంద్రా సాహ్నీ కేసులోనూ సుప్రీంకోర్టు అంగీకరించింది. అంబేద్కర్ పేరు పెట్టుకున్న జిల్లాలో, ఆ పేరు మీదే కొట్లాడుకున్న ఊళ్లో నిలబడి ఈ మాట చెబుతున్నాను. ఈ అసమ్మతి తీర్పు మన బార్‌లో ప్రతి ఒక్కరూ చదవాలి.

ఇక గోలక్‌నాథ్, 1967 ఫిబ్రవరి 27. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు లేదని 6-5 మెజారిటీతో తీర్పు. అంతవరకు జరిగిన భూసంస్కరణలను కదపకుండా ఇకముందుకే వర్తిస్తుందన్నారు. అయినా అప్పటికి ప్రాథమిక హక్కుగా ఉన్న ఆస్తి హక్కును అంత గట్టిగా పట్టుకోవడం భూమిలేని కూలీలు, కౌలురైతులు ఇందరున్న కోనసీమ నుంచి చూస్తే నాకు మింగుడుపడదు. దేవదాసన్‌లో కనిపించిన చూపు ఇక్కడ కొరవడిందనే నా అభిప్రాయం. 1973లో కేశవానంద భారతి తీర్పు గోలక్‌నాథ్‌ను పక్కనపెట్టినా, పార్లమెంటు అధికారానికి ఒక హద్దుందన్న ఆలోచనను మౌలిక స్వరూపం పేరుతో నిలబెట్టింది.

పదవి వదలడానికి ముందురోజు, 1967 ఏప్రిల్ 10న, ఆయన ఇచ్చిన తీర్పు మన ఇళ్లలోకి నేరుగా వచ్చింది. పాస్‌పోర్టు ఇవ్వడం, ఇవ్వకపోవడం తన ఇష్టమని ప్రభుత్వం వాదించేది. విదేశానికి వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా దాన్ని ఆపకూడదని సత్వంత్ సింగ్ కేసులో 3-2తో తేల్చారు. ఆ ఏడాదే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. నిరాకరిస్తే కారణం రాసివ్వాలి, అప్పీలుకు దారి ఉండాలి. రాజోలు, మలికిపురం నుంచి కువైట్‌కో మస్కట్‌కో పనికి వెళ్లే ఆడపడుచు చేతిలోని ఆ చిన్న పుస్తకం ఒక అధికారి దయ కాదు, ఆమె హక్కు.

మర్నాడే రాజీనామా చేసి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి నిలబడ్డారు. జాకీర్ హుస్సేన్ గెలిచారు. ప్రధాన న్యాయమూర్తి కుర్చీ దిగీ దిగగానే ఎన్నికల్లోకి వెళ్లడం తగదన్న విమర్శ న్యాయమైనదే. ఆయన మీద గౌరవంతోనే ఈ మాట అంటున్నాను. 1976 మే 6న కన్నుమూశారు. ఎమర్జెన్సీలో నిర్బంధితులకు కోర్టు తలుపు తట్టే హక్కు లేదని సుప్రీంకోర్టు చెప్పి అప్పటికి ఎనిమిది రోజులు. ఆ కేసులో జస్టిస్ ఖన్నా ఒక్కరే అసమ్మతి రాశారు.

మిత్రులకు ఒక విన్నపం. ఈ ప్రసంగాన్ని పుస్తకంగా వేస్తామన్నారు. దాని వెనుక దేవదాసన్ కేసులో సుబ్బారావు గారి అసమ్మతి తీర్పును పూర్తిగా తెలుగులోకి తెచ్చి చేర్చండి. అనువాదం పని మన జూనియర్లకు అప్పగించండి. అచ్చయ్యాక కాలేజీలకు, ఊరూరా లైబ్రరీలకు పంపించండి.