ఫ్రెండ్స్‌తో సాయంత్రం 5కె రన్: కలిసి పరిగెత్తాలా, ఎవరి టైమ్ వాళ్లదా?

ఈరోజు మాట్లాడుకునేది సాయంత్రం పూట రోడ్డు మీద జరిగే 5కె రన్ గురించి. హైదరాబాద్, వైజాగ్‌లో జరిగే పెద్ద మారథాన్లు కాదు. మన చిన్న టౌన్లలో, రెండొందల మంది వస్తే గొప్ప అనుకునే రన్. ఒక టీషర్టు, దానికి పిన్నీసులతో పెట్టుకునే నంబరు, చివర్లో ఒక అరటిపండు, మజ్జిగ ప్యాకెట్. అంతే.

ఇలాంటి రన్‌కి ఎవరూ ఒక్కళ్లే పేరు ఇవ్వరు. గ్రూపులో ఒకడు లింకు పెట్టి "అందరం కలిసి పోదాం రా" అంటాడు. చిక్కంతా అక్కడే. కలిసి పోదాం అంటే పక్కపక్కనే పరిగెత్తడమా, కలిసి ఆటో ఎక్కి వెళ్లడమా? ఇది ముందే మాట్లాడుకోకపోతే మొదటి కిలోమీటర్లోనే ఒకడు విసుక్కుంటాడు, ఇంకొకడు ఆయాసపడతాడు.

మేం నలుగురం. బాపట్ల నుంచి సూర్యలంక బీచ్‌కి పోయే రోడ్డు తెలుసు కదా, అదే రోడ్డు మీద రెండున్నర కిలోమీటర్లు పోయి వెనక్కి రావాలి. మా వాడొకడు కానిస్టేబుల్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. మా బావకి షాపు, దానికి తగ్గ పొట్ట. మూడో మనిషి మా బాబాయి కూతురు, డిగ్రీ చదువుతోంది. నాలుగు నేను.

పిన్ని ఒక్కటే మాట చెప్పింది. "రోడ్డు మీద దాన్ని ఒక్కదాన్నీ వదిలారంటే చూడండి." చెల్లి మొహం మాడిపోయింది. దానికి పరిగెత్తడం వచ్చు, మాలో ఇద్దరికంటే బాగా వచ్చు. మేం కాపలాగా పక్కనే ఉంటే, అది మా స్పీడుకి తగ్గాలి.

పరిష్కారం చెప్పింది ఎవరో తెలుసా? మా బావ. "ఎట్లాగూ అందరికంటే వెనక నేనే ఉంటాను కదా. ఎవరు ఆగిపోయినా, ఎవరు పడిపోయినా, నేను వాళ్ల దగ్గరికి చేరాల్సిందే. నా వెనక మనవాళ్లెవరూ ఉండరు. ఇంతకంటే కాపలా ఏముంది అత్తా?" పిన్ని నవ్వేసింది. ఒప్పుకుంది కూడా.

నవ్వులాటగా అన్నాడుగానీ పెద్ద రన్నుల్లో కూడా చివర్లో ఇలా ఒకళ్లని పెడతారు. గ్రూపులో నెమ్మదైనవాణ్ణి లాక్కుంటూ పోవడం కంటే, ఆ పని అతనికి అప్పగించడం మంచిది.

ఇంక లెక్కలు. ఆంధ్రాలో కానిస్టేబుల్ పరుగు మగవాళ్లకి 1600 మీటర్లు, 8 నిమిషాలు. అంటే కిలోమీటరుకి 5 నిమిషాలు. అదే స్పీడు ఐదు కిలోమీటర్లూ పట్టుకుంటే 25 నిమిషాలు. మా వాడు తన టార్గెట్ అదే అన్నాడు. ఆడవాళ్లకి అదే 1600 మీటర్లకి పదిన్నర నిమిషాలు. ఆ స్పీడుతో 5కె అంటే 32 నిమిషాల 49 సెకన్లు. చెల్లికి పోలీసు అవ్వాలని లేదు, అయినా ఆ నంబరు అరచేతి మీద పెన్నుతో రాసుకుంది.

చిన్న రన్నుల్లో చాలాచోట్ల కాలికి చిప్ ఉండదు. విజిల్ ఊదినప్పటి నుంచే అందరికీ టైమ్. మీకు టైమ్ ముఖ్యమైతే ముందు వరసలో నిలబడండి. కాకపోతే దయచేసి వెనక నిలబడండి, ముందు వరసలో సెల్ఫీలు తీసుకునే బ్యాచ్‌ని దాటుకుని పోవడానికే అర నిమిషం పోతుంది.

తిండి గురించి కూడా చెప్పేస్తాను. పొద్దున రన్‌కి ఖాళీ కడుపుతో పోవచ్చు, సాయంత్రం రన్‌కి మాత్రం మధ్యాహ్నం తిన్నది మీతోనే పరిగెత్తుతుంది. ఒంటిగంటకల్లా మామూలు అన్నం, పెరుగు. వేపుళ్లు, బిర్యానీ వద్దు. నీళ్లు రోజంతా కొంచెం కొంచెం తాగండి, లైన్ దగ్గర లీటరు ఎత్తి తాగొద్దు. ఎవరైనా వేడికి తూలుతూ అయోమయంగా మాట్లాడితే అంబులెన్స్ కోసం చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేస్తూనే నీడకి తీసుకెళ్లి ఒళ్లంతా నీళ్లు పోసి గాలి విసరండి. ముందు ఒళ్లు చల్లబడాలి.

అసలు కథ గాలిది. సాయంత్రం సముద్రం మీద నుంచి నేల మీదకి గాలి కొడుతుంది. ఎండకి నేల తొందరగా వేడెక్కుతుంది, సముద్రం వేడెక్కదు, అందుకని. చెమట ఆరి హాయిగానే ఉంటుందిగానీ, బీచ్ వైపు పోయేటప్పుడు అది ఎదురుగాలి. కాబట్టి మా ఒప్పందం ఏంటంటే, మలుపు దాకా నేను ముందు, చెల్లి నా వెనకే రెండు అడుగుల దూరంలో. మలుపు తిరిగాక దాని ఇష్టం.

ఇదేం చిన్నతనం కాదు. 2019 అక్టోబర్ 12న వియన్నాలో కిప్చోగే మారథాన్ దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో పరిగెత్తాడు కదా, ఆయనకి గాలి తగలకుండా చుట్టూ వంతులవారీగా చాలామంది పరిగెత్తారు. దాన్ని రికార్డుగా లెక్కేయకపోవడానికి అలా వంతులు మారడం కూడా ఒక కారణం. మనకి ఆ భయం లేదు.

మలుపు దగ్గర ఒక కుర్రాడు చేతికి రబ్బరు బ్యాండు వేస్తాడు, మధ్యలోంచి తిరిగొచ్చారని అనుమానం లేకుండా. బ్యాండు వేయించుకోవడం ఆలస్యం, చెల్లి వెళ్లిపోయింది. గాలి ఇప్పుడు వీపు మీద. ఆదివారం కావడంతో బీచ్ నుంచి ఇళ్లకి వెళ్లే కార్లు, బైకులు కూడా అప్పుడే మొదలయ్యాయి. రోడ్డులో సగం మాకు వదిలి మధ్యలో కోన్లు పెట్టారు. వెలుతురు తగ్గింది, హైబీమ్ లైట్లు కళ్లలో కొడుతున్నాయి. సాయంత్రం రోడ్డు మీద పరిగెత్తేటప్పుడు చెవిలో ఇయర్‌ఫోన్స్ వద్దని చెప్పేది ఇందుకే. వెనకొచ్చే బండి చెవికే ముందు తెలుస్తుంది.

మా వాడికి 25 నిమిషాల 12 సెకన్లు. ఆ పన్నెండు సెకన్లూ గాలి ఖాతాలో రాసేశాడు. చెల్లికి 31 నిమిషాల 40. చెయ్యి చూపించిందిగానీ చెమటకి ఆ నంబరు చెరిగిపోయి నీలం మరక మిగిలింది. నేను దాని తర్వాత రెండు నిమిషాలకి వచ్చాను. బావ ఎంతకీ రాడు. నలభై ఎనిమిదో నిమిషంలో, కడుపులో పట్టేసి కూలబడిన ఒక స్కూలు పిల్లాణ్ణి నడిపించుకుంటూ వచ్చాడు.

పిన్ని లైన్ దగ్గరే ఉంది. కూతురికి మజ్జిగ ప్యాకెట్ చించి ఇచ్చి, కోన్ల వైపు, పోలీసుల వైపు చూసి నన్ను అడిగింది. "రోజూ ఇట్లా సగం రోడ్డు ఆపుతారంట్రా?"

దానికి నా దగ్గర సమాధానం లేదు. గ్రౌండ్‌లో పరిగెత్తమందామంటే సాయంత్రం అంతా క్రికెట్. పొద్దున్నే అంటే చీకటి, కుక్కలు. చెల్లి మాత్రం ఆ ప్రశ్నకి ఆగలేదు. క్లాసులో ఇద్దరిని పట్టుకుంది. ఇప్పుడు ముగ్గురూ మంగళవారం, శుక్రవారం, చీకటి పడేలోపు అదే రోడ్డు మీద రెండు కిలోమీటర్లు పోయి వస్తున్నారు. వెనక బావ స్కూటీ మీద. పెట్రోలు డబ్బులు ఎవరిస్తారని గ్రూపులో రోజూ గొడవ.

మీ ఊళ్లో అమ్మాయిలు సాయంత్రం ఏ రోడ్డు మీద పరిగెత్తుతున్నారో, వెనక స్కూటీ లేకుండా పరిగెత్తగలుగుతున్నారో లేదో చెప్పండి. వచ్చే ఎపిసోడ్ షూల గురించి. ఉంటాను మరి.