కింగ్ కోఠీ తలుపుల మీది అక్షరాలు
(సంఘ వార్షిక సభలో దాతల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాదు కింగ్ కోఠీ పేరు వినని వారు మనలో లేరు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నివాసం అది. 1937లో టైమ్ పత్రిక ఆయనను ప్రపంచంలోకెల్లా ధనవంతుడిగా ముఖచిత్రం వేసింది. 1911లో గద్దె ఎక్కాక కూడా ఆయన ఆ ఇల్లు విడవలేదు. 1967 ఫిబ్రవరి 24న కన్నుమూసిందీ అక్కడే.

అయితే ఆ ఇల్లు కట్టించింది నిజాం కాదు, కమాల్ ఖాన్. ఆయన తలుపుల మీద, కిటికీల మీద తన పేరుకు గుర్తుగా 'కె.కె.' అని చెక్కించుకున్నారు. ఇల్లు నిజాం కుటుంబానికి వచ్చాక, ఆ అక్షరాలకు సరిపోయేలా 'కింగ్ కోఠీ' అని పేరు పెట్టారని చెబుతారు. అక్షరాలు మిగిలాయి, కట్టించిన వారిని జనం మరిచారు. నేడు ఆవరణలో ఒక భాగం ప్రభుత్వ ఆసుపత్రి. మరో భాగమైన నజ్రీ బాగ్ అమ్మకం పత్రాల మీద ఈమధ్య పోలీసు కేసు కూడా నడిచింది.

అంతటి భవనానికే ఇలా జరిగితే, మైలవరంలో మన చిన్న ఆస్తుల మాటేమిటి?

ఒక పెద్దాయన అల్లాహ్ పేరున రెండు గదుల ఇల్లు మన సంఘానికి నోటిమాటతో ఇచ్చారు. కాగితం అడిగితే ఆయన మాట నమ్మనట్టుంటుందని మొహమాటపడ్డాం. పిల్లలు అక్కడే ఖుర్ఆన్ నేర్చుకున్నారు. కొడుకులు తండ్రి మాట నిలబెట్టారు. మనుమలు వచ్చి కాగితం చూపమన్నారు. మా దగ్గర లేదు. ఇల్లు ఖాళీ చేశాం. ఆ పిల్లలను తప్పు పట్టం, తప్పు మాది.

అప్పు ఇచ్చినా రాసుకోండి, సాక్షులను పెట్టుకోండి అని అల్ బఖరా సూరా 282వ ఆయత్ ఆదేశం. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ అదే. హజ్రత్ ఉమర్ (రజి) ఖైబర్ భూమిని వక్ఫ్ చేసినప్పుడు దాన్ని అమ్మకూడదు, వారసులకు పంచకూడదు అని స్పష్టంగా షరతు పెట్టారు. 2025లో సవరించిన చట్టం ప్రకారం ఇక దస్తావేజు లేకుండా కొత్త వక్ఫ్ చెల్లదు.

కాబట్టి దాతలకు మా మనవి. ఆస్తి ఇచ్చేటప్పుడు సరిహద్దులతో సహా రాసి రిజిస్టరు చేయించండి. పాత దస్తావేజులు, ఈసీ జత చేయండి. మీ పిల్లలను కూర్చోబెట్టి చెప్పండి, వారి చేత సాక్షి సంతకం పెట్టించండి. మేము కాగితం అడిగితే అనుమానం అనుకోకండి. మీ సదఖా జారియా మీ తర్వాత కూడా ఆగకూడదనే అడుగుతున్నాం.

మీ దానాలను అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.